పొట్టలో నీరు, ఛాతీలో పాత ఆనవాళ్లు: టీబీ అనుకున్న ఒక పెరిటోనియల్ మెసోథీలియోమా కేసు

రోగి 66 ఏళ్ల పురుషుడు, ఉత్తరాంధ్ర. నాలుగు నెలలుగా పొట్ట ఉబ్బుతోంది, ఆకలి తగ్గింది, 9 కిలోల బరువు పోయింది. జ్వరం లేదు, రాత్రి చెమటలు లేవు, దగ్గు లేదు. పొట్ట టీబీ అని రెండు నెలలుగా మందులు వాడుతున్నారు. నీరు తగ్గకపోగా పది రోజులకోసారి తీయించుకోవాల్సి వస్తోంది. చివరికి తేలింది పెరిటోనియల్ మెసోథీలియోమా, అంటే పొట్ట లోపలి పొర (పెరిటోనియం) మీద వచ్చే క్యాన్సర్, ఆస్బెస్టాస్ (రాతినార) దుమ్ముతో ముడిపడినది. ఇది బోధన కోసం రాసిన కేసు. ఒక్క మనిషి వివరాలు కావు, ఇలాంటి రోగుల్లో మామూలుగా కనిపించే అంకెలతో కూర్చినది.

టీబీ అనుకోవడంలో తప్పు పట్టడానికేం లేదు. మన దగ్గర పొట్టలో నీరు చేరి, లివర్ బాగుండి, నీటిలో ప్రొటీన్ ఎక్కువగా ఉంటే మొదట గుర్తొచ్చేది అదే. ఈయన రిపోర్టులూ అటే లాగాయి. రక్తంలో అల్బుమిన్ 3.3, నీటిలో 2.7. అంటే సాగ్ (ఆ రెంటి తేడా) డెసిలీటరుకు 0.6 గ్రాములు. 1.1 కంటే తక్కువ కాబట్టి సిర్రోసిస్ కాదు. మొత్తం ప్రొటీన్ 4.6. కణాలు 900, అందులో 70 శాతం లింఫోసైట్లు. ఏడీఏ (టీబీలో పెరిగే ఎంజైము) 38. సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) నెగెటివ్. నీటిలోని కణాలను చూసే సైటాలజీలో 'రియాక్టివ్ మెసోథీలియల్ కణాలు', అంటే వాపుకు మారిన మామూలు పొర కణాలు, అని రాశారు.

ఈ రిపోర్టులో చికిత్సను నడిపింది ఏడీఏ ఒక్కటే. పొట్ట నీటిలో ఏడీఏ 36 నుంచి 40 దాటితే టీబీ అని చాలా చోట్ల గీత గీసుకుంటారు. కానీ లింఫోమాలో, పెరిటోనియం క్యాన్సర్లలో, మెసోథీలియోమాలో కూడా అది ఆ గీత దగ్గరకు చేరుతుంది. 90, 120 వచ్చినప్పుడు ఉండే ధీమా 38 దగ్గర ఉండకూడదు. సీబీనాట్ నెగెటివ్ కూడా ఎటూ తేల్చదు, పొట్ట నీటిలో దాని సున్నితత్వం తక్కువ. ఇక 'రియాక్టివ్ మెసోథీలియల్ కణాలు' అన్న మాట ఈ జబ్బులో అన్నిటికంటే ఎక్కువ మోసం చేస్తుంది. ఎపిథీలియాయిడ్ మెసోథీలియోమా కణాలు చూడ్డానికి మామూలు మెసోథీలియల్ కణాల్లాగే ఉంటాయి. ఆ మాట రెండోసారి వచ్చిందంటే, నీరు మళ్లీ మళ్లీ చేరుతోందంటే, బయాప్సీకి పంపాలి. మూడోసారి నీరు తీసి పంపి లాభం లేదు.

పని గురించి అడగవలసిన తీరు

పాత కాగితాల్లో వృత్తి ఎదురుగా 'రిటైర్డ్' అని ఉంది. దాంతో పనికి వచ్చేదేమీ లేదు. 'ఆస్బెస్టాస్‌తో పనిచేశారా' అని అడిగినా లాభం ఉండదు, పనివాళ్లకు అది ఆ పేరుతో తెలియదు. అడగవలసింది ఇరవై ఏళ్ల వయసు నుంచి ఏ ఏ పనులు చేశారు, చేతిలో ఏముండేది, దుమ్ము ఎలా ఉండేది, బట్టలు ఎవరు ఉతికేవారు అని. ఈయన జవాబు: 'ఓడల్లో ఇంజన్ రూములో పైపులకి తెల్ల తాడు చుట్టేవోళ్ళం బాబూ. ముద్ద కలిపి పైన పూసేవోళ్ళం. పాతది ఊడగొట్టేటప్పుడు దుమ్ముకి పక్క మనిషి కనపడడు.' 1978 నుంచి 1992 దాకా, కాంట్రాక్టరు కింద, లాగింగ్ పని, అంటే పైపులకు వేడి పోకుండా తొడుగు వేయడం.

అసలు విషయం ఆ చివరి వాక్యంలో ఉంది. కొత్త తాడు చుట్టేటప్పటి దుమ్ము కంటే పాత లాగింగ్ కొట్టి ఊడదీసేటప్పటి దుమ్ము చాలా ఎక్కువ. ఆవిరి పైపు వేడికి ఏళ్ల తరబడి ఎండి పెళుసెక్కిన పూత పొడిపొడిగా రాలుతుంది. ఇంజన్ గదిలో గాలి బయటికి పోదు. పైగా ఆ కాలపు ఓడల లాగింగ్‌లో తెల్ల రకమైన క్రిసొటైల్‌తో పాటు గోధుమ రంగు అమోసైట్ కూడా బాగా వాడేవారు. ఈ రెంటి తేడా కింద అవసరమవుతుంది.

సిమెంటు రేకుల ఇంట్లో ఉన్నామని చెప్పే రోగులు మనకు చాలామంది. దాన్నీ రాసుకోవాలి గానీ ఓడల లాగింగ్‌తో సమానంగా తూచకూడదు. పగలకుండా కప్పు మీద ఉన్న రేకులో పోగులు సిమెంటులో బిగిసి ఉంటాయి. అదే రేకును గ్రైండర్‌తో కోసే మనిషి చరిత్ర వేరు. పులివెందుల చుట్టుపక్కల పాత గనుల్లో పనిచేసినవాళ్ల చరిత్ర ఇంకా వేరు, అక్కడ తవ్వింది క్రిసొటైల్.

సీటీలో కనిపించినవి

పొట్ట సీటీలో ఓమెంటమ్ (పేగుల మీద కప్పినట్టుండే కొవ్వు పొర) అట్టలా గట్టిపడింది, మెసెంటరీ (పేగులను పట్టి ఉంచే పొర) మందమైంది, నీరు బాగా ఉంది. పేగులో, పాంక్రియాస్‌లో, కడుపులో గడ్డ లేదు. టీబీలో తరచు కనిపించే మధ్యలో కుళ్లిన లింఫ్ గ్రంథులు లేవు. రిపోర్టు అక్కడితో ఆగింది.

అదే స్కాన్‌లో పై ముక్కలు ఛాతీ అడుగు భాగాన్ని చూపిస్తాయి. డయాఫ్రం రెండు గుమ్మటాల మీదా సున్నం పట్టిన పలుచని పలకలు, ప్లూరల్ ప్లాక్‌లు (ప్లూరా అంటే ఊపిరితిత్తులను, ఛాతీ లోపలి గోడను కప్పిన పొర), ఉన్నాయి. తర్వాత ఛాతీ హెచ్‌ఆర్‌సీటీ తీస్తే వెనుక పక్క ఆరో పక్కటెముక నుంచి తొమ్మిదో దాని దాకా రెండు వైపులా అవే. పై కొసలు, కింది మూలలు శుభ్రంగా ఉన్నాయి. టీబీ మచ్చ అయితే సాధారణంగా ఒక పక్కనే ఉంటుంది, కింది మూలను మూసేస్తుంది. రెండు వైపులా, డయాఫ్రం మీద, సున్నంతో ఉన్న ప్లాక్‌లు ఆస్బెస్టాస్ పీల్చిన గుర్తు తప్ప దాదాపు మరోటి కావు.

ఊపిరితిత్తుల లోపల ఆస్బెస్టోసిస్ (పోగుల వల్ల ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడడం) మాత్రం లేదు. ఊపిరి పరీక్ష నార్మల్. దీన్ని చూసి 'ఊపిరితిత్తులు బాగున్నాయి, కాబట్టి ఇది ఆస్బెస్టాస్ జబ్బు కాదు' అనేయడం తరచు జరిగే తప్పు. ఆస్బెస్టోసిస్ రావడానికి పోగులు ఊపిరితిత్తిలోనే పెద్ద మొత్తంలో నిలిచిపోవాలి. మెసోథీలియోమాకు ఆ షరతు లేదు.

పోగు ప్రయాణం

పోగు ఎంత లోతుకు వెళ్తుందో నిర్ణయించేది దాని లావే, పొడవు కాదు. గాలిలో పోగు ప్రవాహానికి సమాంతరంగా తిరిగి సాగుతుంది కాబట్టి 3 మైక్రాన్ల కంటే సన్నగా ఉంటే, పొడవు పదుల మైక్రాన్లున్నా, గాలి గదుల దాకా చేరుతుంది. క్రిసొటైల్ పోగు వంకర తిరిగి ఉండడం వల్ల పై గొట్టాల చీలికల దగ్గర తగులుకునే అవకాశం ఎక్కువ. అమోసైట్, నీలి రకమైన క్రొసిడొలైట్ సూదుల్లా నిటారుగా ఉంటాయి, లోపలికి పోతాయి. శరీరంలో నిలిచే కాలంలోనూ తేడా పెద్దదే. క్రిసొటైల్‌లోని మెగ్నీషియం కరిగి, పోగు చీలి, వారాల్లో నెలల్లో చాలావరకు పోతుంది. అమోసైట్, క్రొసిడొలైట్ లాంటి ఆంఫిబోల్ రకాలు దశాబ్దాలు ఉంటాయి.

పై గొట్టాల్లో పడ్డవాటిని కఫం, నూగు కలిసి గొంతుకు తోస్తాయి. అక్కడి నుంచి మింగుతాం. ఆస్బెస్టాస్ పీల్చిన మనిషి దాన్ని తిన్నవాడు కూడా అవుతాడు. మింగినవాటిలో అధిక భాగం మలంతో పోతుంది. కొద్దిపాటి పోగులు పేగు గోడ దాటతాయన్న దానికి ఆధారం ఉంది. తాగునీటిలో ఆంఫిబోల్ పోగులున్న అమెరికా పట్టణం డులూత్‌లో అవి మనుషుల మూత్రంలో కనిపించాయని 1979లో ప్రచురించారు.

గాలి గదుల్లో పడ్డ పోగును మాక్రోఫేజ్ అనే కాపలా కణం మింగాలని చూస్తుంది. 5 మైక్రాన్ల లోపు పొట్టి పోగైతే మింగి, కఫం దారికో లింఫ్ గ్రంథికో మోసుకుపోతుంది. 20 మైక్రాన్లు దాటితే కణమే అంత పొడవు ఉండదు. సగం మింగి ఆగుతుంది, తనలోని ఎంజైములు, ఆక్సిజన్ రాడికల్స్ బయటికి కారుస్తుంది, వాపును రేపే ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను వదులుతుంది. ఆ వాపు ఆరదు. మిగతా పోగులు గాలి గది గోడ కణాల గుండా కిందనున్న కణజాలంలోకి దిగుతాయి. ఇక్కడి దాకా అది ఊపిరితిత్తి సమస్య. ఇక్కడి నుంచి నీటి ప్రవాహం ఎటు పోతే పోగు అటు పోతుంది.

ఒక దారి ఊపిరితిత్తి పై పొర దాటి ప్లూరల్ ఖాళీలోకి. ఆ ఖాళీలోని ద్రవాన్ని ఛాతీ గోడ వైపు పొర తాగేస్తుంది. ఆ పొర మీద స్టొమాటా అనే కొద్ది మైక్రాన్ల రంధ్రాలుంటాయి, వాటి వెనక లింఫ్ నాళాలు. పొట్టి పోగులు దూరిపోతాయి, పొడవాటివి మోరీ జాలీలో పుల్లల్లా అడ్డం పడతాయి. ఛాతీలోకి గొట్టం పెట్టి చూసే థొరాకోస్కోపీలో ఛాతీ గోడ మీద కనిపించే నల్లని చుక్కలు ఇవే. 1996లో ఫ్రాన్స్‌కు చెందిన బుటాన్ బృందం ఆ చుక్కల నుంచి విడిగా ముక్కలు తీసి, పక్కనున్న మామూలు పొర కంటే వాటిలోనే పోగులు పోగుపడి ఉన్నాయని చూపింది. ప్లాక్‌లు, ప్లూరల్ మెసోథీలియోమా ఊపిరితిత్తి వైపు పొర మీద కాక ఛాతీ గోడ వైపు పొర మీద మొదలవడానికి మనకున్న మంచి వివరణ ఇదే.

రెండో దారి లింఫ్ నాళాల్లో. ఊపిరితిత్తి మూలంలోని గ్రంథులు, అక్కడి నుంచి మధ్య ఛాతీ గ్రంథులు, ఆ పైన థొరాసిక్ డక్ట్ లాంటి పెద్ద లింఫ్ నాళాలు, మెడ మొదట్లో పెద్ద సిరల్లోకి. రక్తంలో పడ్డాక గుండె కుడి భాగం మీదుగా మళ్లీ ఊపిరితిత్తికే వస్తుంది. కేశనాళిక వెడల్పు 5 నుంచి 8 మైక్రాన్లు, పోగు లావు అర మైక్రాన్ కూడా ఉండదు, ప్రవాహం వెంట నిటారుగా సాగి దాటేస్తుంది. ఆ పైన శరీరమంతా తెరుచుకుంటుంది. 1980లో అవర్‌బాక్ బృందం శవపరీక్షల్లో కిడ్నీ, గుండె, లివర్, ప్లీహం, పాంక్రియాస్ వంటి అవయవాల్లోనూ ఆస్బెస్టాస్ బాడీలు (ఇనుము పూత పట్టిన పోగులు) చూసింది. తర్వాతి ఏళ్లలో మెసోథీలియోమా రోగుల ఓమెంటమ్‌లో, మెసెంటరీలో, కొందరి అండాశయాల్లో పోగులు దొరికాయి.

పెరిటోనియం దాకా ఎలా వచ్చాయన్న ప్రశ్నకు మూడు జవాబులు చెప్తారు: రక్తం-లింఫ్ ద్వారా, డయాఫ్రం గుండా, పేగు గోడ గుండా. మా అంచనాలో మొదటిదే బరువైనది. డయాఫ్రం వాదనకు ఒక ఇబ్బంది ఉంది. అక్కడి లింఫ్ మామూలుగా పొట్ట నుంచి ఛాతీకి ఎక్కుతుంది, కిందికి దిగదు. ఛాతీ గ్రంథులు మూసుకుపోతే ఎదురు దిగుతుందని ఊహించవచ్చు, అంతే. పేగు దారి ఉన్నా మింగిన దాంట్లో దాటేది స్వల్పం. ఏ దారిన వచ్చినా పొట్ట ద్రవంలో తిరిగే రేణువులను ఏరేది ఓమెంటమే. అందులో మిల్కీ స్పాట్స్ అనే మాక్రోఫేజ్ గుంపులు ఆ పనికే ఉన్నాయి. పోగుల కోసం పొట్టలో వెతకాలంటే ముందు వెతకాల్సిన చోటు అదే.

మోతాదు సంగతి మరువకూడదు. సెలికాఫ్ బృందం 1967 నుంచి అమెరికా, కెనడాలలో 17,800 మంది లాగింగ్ పనివాళ్లను వెంబడించి చూసింది. 1976 చివరికి మెసోథీలియోమాతో చనిపోయినవారిలో ప్లూరాకు వచ్చినవారు 63, పెరిటోనియానికి వచ్చినవారు 112. మామూలుగా మెసోథీలియోమాల్లో పెరిటోనియం వాటా 10 నుంచి 20 శాతమే. దుమ్ము పెరిగే కొద్దీ పొట్ట వాటా పెరుగుతుంది. ఈ రోగి చేసింది అదే పని.

పోగు చేరిన చోటల్లా జబ్బు రాదు. లివర్‌లో, ప్లీహంలో పోగులు దొరుకుతాయి కానీ వాటి క్యాన్సర్లకు ఆస్బెస్టాస్‌ను కారణంగా నిలబెట్టే ఆధారం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2012 సంపుటంలో తగినంత ఆధారం ఉందన్నవి నాలుగు: మెసోథీలియోమా, ఊపిరితిత్తి, స్వరపేటిక, అండాశయం. గొంతు, కడుపు, పెద్దపేగు-పురీషనాళం విషయంలో పరిమిత ఆధారమే అంది. రోగి బంధువులు 'కిడ్నీ రాయి కూడా దీనివల్లేనా' అని అడిగినప్పుడు ఈ గీత గుర్తుండాలి.

బయాప్సీ

పొట్టకు చిన్న రంధ్రాలు (పోర్టులు) వేసి చూసే లాపరోస్కోపీలో ఆ పోర్టులన్నీ నడిమి గీత మీదే పెట్టాలి. మెసోథీలియోమా పోర్టు రంధ్రాల్లో మొలకెత్తుతుంది. తర్వాత పెద్ద ఆపరేషన్‌కు వెళ్తే నడిమి కోతతో పాటే ఆ మచ్చలను తీసేయవచ్చు, పక్కల్లో పెడితే అది కుదరదు. లోపల వడ్ల గింజంత గడ్డలు పెరిటోనియం అంతటా, ఓమెంటమ్ గట్టిగా. కంటికి ఇది టీబీ కావచ్చు, క్యాన్సర్ కావచ్చు, చూసి తేల్చలేం. పై గడ్డలను గిల్లి తీస్తే చాలదు, కింద కొవ్వుతో సహా లోతుగా, వేర్వేరు చోట్ల నుంచి కనీసం నాలుగైదు ముక్కలు తీయాలి. కొవ్వులోకి కణాలు చొచ్చుకుపోవడమే రియాక్టివ్ మార్పుకూ క్యాన్సర్‌కూ తేడా చెప్పే మొదటి సాక్ష్యం.

అన్ని ముక్కలనూ ఫార్మలిన్ డబ్బాలో పడేయడం ఆపరేషన్ థియేటర్లలో రోజూ జరిగేదే. అప్పుడు టీబీ కల్చర్‌కు ఏమీ మిగలదు. ఒక ముక్క నార్మల్ సెలైన్‌లో, సీబీనాట్‌కు, కల్చర్‌కు. మిగిలినవి 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో. ఈ కేసులో టీబీలో కనిపించే గ్రాన్యులోమా (కణాల ముద్ద) లేదు, కల్చర్‌లో ఏమీ పెరగలేదు. టీబీ మందులు ఆపింది కల్చర్ వచ్చాక కాదు, హిస్టాలజీ (మైక్రోస్కోపులో కణజాల పరీక్ష) వచ్చాకే.

ఐహెచ్‌సీలో (కణాల్లోని ప్రొటీన్లకు రంగు పట్టించే పరీక్ష) మెసోథీలియల్ మార్కర్లు కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ1, సీకే5/6, డీ2-40 పాజిటివ్. కార్సినోమా మార్కర్లు బెర్-ఈపీ4, క్లాడిన్-4, సీఈఏ నెగెటివ్. మెసోథీలియల్ మార్కర్లు కనీసం రెండు, కార్సినోమా మార్కర్లు కనీసం రెండు అన్నది నియమం. ఒక్క కాల్‌రెటినిన్ చూసి సంతకం పెట్టకూడదు. ఇదే బొమ్మ మహిళలో అయితే పాక్స్8, ఈఆర్ కూడా చేయాలి. అండాశయపు సీరస్ కార్సినోమాలోనూ డబ్ల్యూటీ1 పాజిటివే కాబట్టి అది అక్కడ సాయపడదు. బ్యాప్1 అనే ప్రొటీన్ కణకేంద్రంలో పోయింది, పక్కనున్న మామూలు కణాల్లో మాత్రం ఉంది. ఆ లోపలి కంట్రోల్ రంగు పట్టకపోతే 'పోయింది' అని రాయకూడదు, స్టెయిన్ విఫలమైందంతే. నిజంగా పోయిందని తేలితే రియాక్టివ్ అన్న మాటకు చోటు లేదు. నిర్ధారణ: ఎపిథీలియాయిడ్ మెసోథీలియోమా, పెరిటోనియం.

పోగుల లెక్క

చికిత్సకు ఇది అక్కర్లేదు. పరిహారం కేసు వస్తే, పని చరిత్రను ఎవరైనా ప్రశ్నిస్తే అవసరం. కణజాలాన్ని సోడియం హైపోక్లోరైట్‌లో కరిగించి, 0.2 లేదా 0.4 మైక్రాన్ పాలికార్బొనేట్ ఫిల్టర్ మీద వడకట్టి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఎక్స్-రే విశ్లేషణతో చూస్తారు. మామూలు మైక్రోస్కోపు చాలదు. క్రిసొటైల్ మూలపోగు లావు 0.02 నుంచి 0.03 మైక్రాన్లే, కాంతికి అది అందదు. పెరల్స్ ఇనుము స్టెయిన్‌లో నీలంగా కనిపించే ఆస్బెస్టాస్ బాడీలు ఇనుము పూత పట్టిన పొడవాటి పోగులు, ఎక్కువగా ఆంఫిబోల్‌వి. ఊపిరితిత్తి బయట అవి అరుదు. ఓమెంటమ్‌లో బాడీలు లేవంటే పోగులు లేవని కాదు.

ఖాళీ ఫిల్టర్, రసాయనాలు, పారఫిన్ మైనం, అన్నిటికీ విడిగా బ్లాంక్ (రోగి కణజాలం లేని ఖాళీ పరీక్ష) నడపాలి. లేకపోతే మైనంలోంచి వచ్చిన పోగును రోగిది అనుకుంటాం. ఆస్బెస్టాస్ జబ్బుల నిర్ధారణకు వాడే హెల్సింకి ప్రమాణాల్లోని అంకెలు, అంటే ఒక గ్రాము పొడి కణజాలానికి 5 మైక్రాన్లు దాటిన ఆంఫిబోల్ పోగులు 1,00,000 లేదా ఆస్బెస్టాస్ బాడీలు 1,000, ఊపిరితిత్తికి మాత్రమే. ఓమెంటమ్‌కు అలాంటి గీత లేదు. ఇక్కడ దొరికినవి కొద్ది పోగులే, చాలావరకు 10 మైక్రాన్ల లోపు, సిలికాన్, ఇనుము, మెగ్నీషియం చూపించాయి. అది అమోసైట్‌కు సరిపోతుంది. క్రిసొటైల్ దొరకలేదంటే ఆయన క్రిసొటైల్ పీల్చలేదని కాదు, అది నిలవలేదని.

చికిత్స

మొదటి ప్రశ్న ఆపరేషన్‌కు వీలవుతుందా అని. పెరిటోనియల్ క్యాన్సర్ ఇండెక్స్ (జబ్బు పొట్టలో ఎంత పరుచుకుందో చెప్పే అంకె) గరిష్ఠం 39. ఈయనది 28, చిన్నపేగు మెసెంటరీ అంతటా పరుచుకుంది. గడ్డలన్నీ తీసి, 41 నుంచి 43 డిగ్రీల వేడి కీమో ద్రవాన్ని 60 నుంచి 90 నిమిషాలు పొట్టలో తిప్పే హైపెక్ పద్ధతి తగిన రోగుల్లో ఈ జబ్బుకు ఉన్న అత్యుత్తమ దారి. 2009లో ఎనిమిది కేంద్రాల నుంచి 400 మందికి పైగా రోగులతో వచ్చిన విశ్లేషణలో మధ్యస్థ ఆయుష్షు 53 నెలలు. కానీ అది ఎంపిక చేసిన రోగుల అంకె. దాన్ని ఇండెక్స్ 28 ఉన్న మనిషి కుటుంబానికి చెప్పడం న్యాయం కాదు.

అందుకే ముందు కీమో: పెమెట్రెక్సెడ్ 500, సిస్‌ప్లాటిన్ 75 మిల్లీగ్రాములు, చదరపు మీటరు శరీర ఉపరితలానికి, 21 రోజులకోసారి. మొదటి డోసుకు వారం ముందు నుంచి ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు, బీ12 ఇంజక్షన్ 1,000 మైక్రోగ్రాములు కండలోకి, తర్వాత 9 వారాలకోసారి. డెక్సామెథాసోన్ 4 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, డోసు ముందురోజు, ఆ రోజు, మర్నాడు. మన మెడికల్ షాపుల్లో దొరికే ఫోలిక్ యాసిడ్ మాత్ర సాధారణంగా 5 మిల్లీగ్రాములది, అంటే కావాల్సిన దానికి పన్నెండు రెట్ల పైన. చీటీలో మోతాదు స్పష్టంగా రాయకపోతే అదే ఇస్తారు.

పొట్టలో లీటర్ల కొద్దీ నీరుండగా పెమెట్రెక్సెడ్ ఎక్కిస్తే మందు ఆ నీటిలో దాగి నెమ్మదిగా తిరిగి రక్తంలోకి వస్తుంది, తెల్లకణాలు పడిపోతాయి. ముందు నీరు తీయాలి. కిడ్నీ పనితీరు కాస్త తగ్గి ఉన్నా డోసుకు రెండు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత దాకా ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ఆపాలి. ఈ రోగి నడుం నొప్పికి అవి తనంతట తానే కొనుక్కుని వాడుతున్నారు. అడిగితేనే తెలిసింది.

కాగితాలు

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూల్‌లో ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తి క్యాన్సర్, మెసోథీలియోమాలు ఉండేవి. 1995 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఆస్బెస్టాస్ పనివాళ్ల ఆరోగ్య రికార్డులను ఉద్యోగం మొదలైన నాటి నుంచి 40 ఏళ్లు లేదా ఉద్యోగం ముగిశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు దాచమంది. ఈయన 1978లో చేరారు, అంటే ఆ గడువు 2018తోనే ముగిసింది. కాంట్రాక్టు పనివాడికి అలాంటి రికార్డు దొరకడం కష్టం కాబట్టి డిశ్చార్జి కాగితమే సాక్ష్యమవుతుంది. అందులో 'రిటైర్డ్' అని కాక 'ఓడల ఇంజన్ గదుల్లో పైపుల లాగింగ్, పాత ఆస్బెస్టాస్ ఊడదీయడం, 1978-1992' అని, దాని కింద ప్లాక్‌ల సంగతి, ఐహెచ్‌సీ ఫలితం రాయాలి. తోటి పనివాళ్ల పేర్లు, కాంట్రాక్టరు చిరునామా రోగి ఓపికగా మాట్లాడగలిగినప్పుడే కుటుంబం చేత రాయించుకోమని చెప్పాలి.

ఆయన పని బట్టలు పద్నాలుగేళ్లు ఉతికింది భార్య. ఆమెకు ఛాతీ ఎక్స్-రే ఒకటి తీసి దాచారు. ఏ లక్షణమూ లేదు కాబట్టి ఏటా సీటీ తీయడంలో అర్థం లేదు. కానీ ఆమె ఫైల్లో ఆ బట్టలు ఉతికిన సంగతి ఉండాలి, రేపు ఆమెకు పొట్టలో నీరు చేరితే చూసే డాక్టరు ఏడీఏ దగ్గర ఆగిపోకుండా. బయాప్సీ బ్లాకులను ల్యాబు వాళ్లు గడువు దాటాక పారేస్తారు. పరిహారం కేసు తేలేదాకా ఉంచమని ముందే రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోవాలి.